పూజలో పానాలు, వాకిట్లో పెళ్ళికొడుకు

ఈ మధ్య మా పేటలో షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్ళు ఎక్కడ కనిపించినా ఒకటే ప్రశ్న. “ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి చక్రాల బేరింగులు సర్వీసు చెయ్యాలంటే ఏయే పనిముట్లు కొనుక్కోవాలి మేస్త్రీగారూ?” అని. ప్రశ్న మంచిదే. జవాబు చెప్పాల్సిన మనిషి మాత్రం నేను కాదు. అయినా పని మానేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి ఎవరైనా సలహా అడిగితే కాదనడం కష్టం. ఇంట్లో ఎటూ అడిగేవాళ్ళు లేరు. అందుకని నాకు తెలిసిందేదో ఇక్కడ రాసిపెడుతున్నాను. చదివాక మీకు ఏదైనా తెలివి వస్తే, అది నేను చేసినట్టు చెయ్యకపోవడం వల్లే వస్తుంది.

ముందు బేరింగు అంటే ఏమిటో ఒక్క ముక్క. లోపలి ఇరుసు కదలకూడదు, బయటి చక్రం ఆగకూడదు. ఈ రెంటి మధ్యా నలుగుతూ, బండి బరువంతా మోస్తూ తిరిగే ఉక్కు గుళికల వలయమే బేరింగు. పనిలో చేరిన కొత్తలో, బరువు భరిస్తుంది కాబట్టే దానికా పేరు వచ్చిందనుకుని సామాను చీటీ మీద ‘భరింగు’ అని రాసేవాణ్ణి. స్పేరు పార్టుల కొట్టాయన నవ్వేవాడే కానీ సరుకు సరిగ్గానే ఇచ్చేవాడు. తర్వాత్తర్వాత నాకు అర్థమైందేమంటే, మా షెడ్డులో ఆ ఉద్యోగం నాదేనని. ఒక పక్క కదలని ఓనరు, ఇంకో పక్క ఆగని ఓనరు భార్య. మధ్యలో నేను. ఆయన్ని అన్న అనీ, ఆవిడని వదిన అనీ పిలిచేవాణ్ణి. షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు.

ఇక పానాల సంగతి. జీపు ముందు చక్రం విప్పితే లోపల అరచెయ్యంత నట్టు ఒకటి ఉంటుంది. బేరింగుని పట్టి ఉంచేది అదే. దాన్ని తిప్పడానికి గొట్టంలాంటి పెద్ద బాక్సు పానా కావాలి. మా దగ్గర అది లేదు. మా దగ్గరే కాదు, రోడ్డు మీద ఏ షెడ్డులోనూ లేదు. అందరం నట్టు మూల మీద ఉలి ఆనించి సుత్తితో కొట్టి తిప్పేవాళ్ళం. నాకది నచ్చేది కాదు.

“ఇన్నేళ్ళూ ఉలితో ఊడలేదా?” అనేవాడు అన్న.

“ఊడింది గాని అన్నా, నట్టు మొహం చూడు. ఎలకలు కొరికిన బెల్లం అచ్చులాగా ఉంది.”

ఏడాది పాటు నట్టు మొహం చూపించగా చూపించగా, చివరికి అన్న ఒప్పుకున్నాడు. ఇక నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఫోనులో వీడియోలు చూశాను. అవి ఏ భాషలో ఉన్నా తల ఊపాను. తుక్కు డబ్బాలోంచి పాత నట్టు ఒకటి తీసి, జేబురుమాల్లో మూటకట్టి, కంసాలి దగ్గరికి బంగారం పట్టుకుపోయినట్టు గుంటూరు పట్టుకుపోయాను. ఆ నట్టుకి అతికినట్టు సరిపోయే బాక్సు పానా ఎంచాను. బేరింగుకి దెబ్బ తగలకుండా కొట్టడానికి పంచి అనే ఇత్తడి కడ్డీ, చక్రాన్ని మోసే హబ్బు లాగడానికి మూడు కాళ్ళ పుల్లరు, గ్రీజు కారకుండా ఆపే సీలు పెకలించడానికి వంకర మూతి కొక్కెం కూడా తెచ్చాను. ఇంటికి తెచ్చి నూనె రాసి, పాత బనీను మీద పడుకోబెట్టి, రోడ్డు మీద ఉన్న ప్రతి షెడ్డు వాణ్ణీ పిలిచి చూపించాను. పెళ్ళిచూపులకి కూడా ఎవరూ అంత మురిపెంగా చూపించరు.

ఇంకా ఒక్క నట్టయినా తిప్పకముందే దసరా వచ్చింది. కొత్త పానాలు కదా, అమ్మవారి దగ్గర పెట్టాకే పని మొదలుపెడదామన్నాను. ఆ మాట అన్నది నేనే. గుర్తుంచుకోండి, ఈ కథలో జరిగినవన్నీ నా నోటి పుణ్యమే.

నవమి రోజు మా రోడ్డు ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పాలి. పొద్దున్నే పానాలన్నీ డీజిలుతో కడిగి, తుడిచి, బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి వరసగా పేరుస్తాం. పసుపు, కుంకుమ, బంతిపూలు. ఒకసారి హారతి ఇచ్చాక మర్నాడు దశమి పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టుకోకూడదు. ఏడాది పొడుగునా అందరినీ బాదిన సుత్తి కూడా ఆ ఒక్కరోజు బుద్ధిగా బొట్టు పెట్టుకుని పడుకుంటుంది. బండ్ల సంగతి వేరు. బండికి పూజ చేస్తే వెంటనే నిమ్మకాయల మీదుగా నడిపించాలి. పానాకి పూజ చేస్తే పడుకోబెట్టాలి.

మా షెడ్డులో పూజ వదిన చేతుల మీదుగానే జరిగేది. ఎంత పట్టింపు మనిషంటే, వంటింట్లో కత్తిపీటని, చాకుని కూడా తెచ్చి పానాల పక్కన పెట్టేది. ఆ రోజు మా భోజనంలో కత్తి తగిలిన కూర ఉండదు. టమాటాలు చేత్తో పిసికిన పప్పు, తుంచిన గోంగూరతో పచ్చడి, పులిహోర.

మా షెడ్డులో నాతోపాటు పనిచేసిన పెద్దమనిషి ఇంకొకాయన ఉండేవాడు. సాయిబు. వయసులోనూ పనిలోనూ నాకంటే పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి. ఆయన పానాల పెట్టె వేరు. ప్రతి నవమికీ ఆ పెట్టె తనే మోసుకొచ్చి, కొబ్బరికాయ కూడా తనే తెచ్చి, “అమ్మా, ముందు నా వాటికి బొట్టు పెట్టు. మేస్త్రీ వాటికంటే నావి ఎక్కువ పనిచేస్తాయి” అనేవాడు.

అంతకు ముందు ఏడు ఒక పొరపాటు జరిగింది. ఎవరో పంతులుగారి మోపెడ్ ప్లగ్గు విప్పడానికని పూజలోంచి ఒకే ఒక్క పానా, అది కూడా బుల్లిది, వదిన చూడకుండా తీశాను. చూసింది. ఇక ఆ ఏడంతా షెడ్డులో ఏం జరిగినా ఆ పానా వల్లే. రేకు కారినా అదే, అన్నకి షుగరు పెరిగినా అదే, వీధికుక్క భాయ్ పిక్క పట్టుకున్నా అదే. కుక్క కరిచిన రోజు నుంచి భాయ్ కూడా ఆవిడ పార్టీలో చేరిపోయాడు.

అందుకని ఈసారి హారతి అవగానే అందరి ముందూ దణ్ణం పెట్టి చెప్పాను.

“వదినా, ఈ ఏడు నేనే వచ్చి నీ కాళ్ళు పట్టుకున్నా సరే, ఒక్కటి కూడా తియ్యనియ్యబాకు.”

“నిజమేనా?”

“కొత్త పానాల మీద ఒట్టు.”

భోజనాలై, చెయ్యి కడుక్కుని గుమ్మంలోకి వచ్చానో లేదో, రోడ్డు మీద నుంచి పులి గురక పెట్టినట్టు చప్పుడు. బంతిపూల దండ వేసుకున్న జీపు ఒకటి గుర్రుగుర్రుమంటూ వచ్చి మా వాకిట్లో ఆగింది. రొంపిచెర్ల వైపు నుంచి వచ్చిందట. అందులోంచి తెల్లబట్టల పెద్దాయన ఒకడు, ముప్పై దాటిన కుర్రవాడు ఒకడు దిగారు. పెద్దాయన కుర్రవాడికి మేనమామ.

“కొత్త బాక్సు పానా తెచ్చిన మేస్త్రీ ఎవరయ్యా ఈడ?”

నా ఉద్యోగ జీవితంలో అంతకంటే పెద్ద సన్మానం జరగలేదు.

“నేనేనండీ.”

“హమ్మయ్య. అన్ని షెడ్లకీ పోయొచ్చాం. అందరూ నీ పేరే చెప్పారు. ఇదుగో, కొత్త బేరింగులు, సీళ్ళు, నట్లు అన్నీ పొద్దున్నే కొనుక్కున్నాం. డ్రైవరు వైపు చక్రం. బిగించి పంపియ్యి.”

చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను. వదులు పన్నులా కదిలింది. ఆ బేరింగుతో పొలం దాకా పోవడమే గొప్ప.

“ఎంత దూరం పోవాలి?”

“వెల్దుర్తి అవతల. రేపు పొద్దున మావాడికి తాంబూలాలు. ఆ ఊరి చప్టా మీద వాగు పారుతుందంట, ఇంకే బండీ దాటదు.”

“ఇంకో జీపు దొరకదా?”

“మా ఊళ్ళో ఇంకొకటుంది. అవతలి పార్టీ వాళ్ళది. వాళ్ళ జీపెక్కి మావాడు పెళ్ళికొడుకవ్వాలా? దానికంటే వాగు ఈదుకుంటా పోతాం.”

“ముహూర్తం కాస్త జరుపుకుంటే?”

అప్పటిదాకా నోరు విప్పని కుర్రవాడు మాట్లాడాడు. “ఇప్పటికి రెండుసార్లు జరిపాం బాబాయ్. ఒకసారి తుపాను, ఇంకోసారి మైల. రేపు గనక రాకపోతే మీకిష్టం లేదనుకుంటాం, వేరే సంబంధం చూసుకుంటాం అన్నాడు పిల్ల వాళ్ళ నాన్న.”

పొలం ఉందంటే పిల్లనిచ్చే రోజులు పోయి, పొలమేనా ఉంది అని అడిగే రోజులు వచ్చాయి కదా. మిరప వేసేవాడికీ పత్తి వేసేవాడికీ పిల్ల దొరకడం ఎంత కష్టమో మా వైపు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఆ అబ్బాయికి అప్పటికి పోయిన సంబంధాలు అన్నీ ఇన్నీ కావట.

“ఈ పిల్ల మాత్రం ఫోన్లో మాట్లాడి సరే అంది బాబాయ్,” అన్నాడు నేలచూపులు చూస్తూ. “ఏం మాట్లాడాలో తెలవక మిరప తెగులు గురించి మాట్లాడా. అయినా సరే అంది.”

మిరప తెగులు విని కూడా సరే అన్న పిల్ల మళ్ళీ దొరకదని నాకూ అనిపించింది. ధీమాగా లోపలికి నడిచాను. ఎర్రగుడ్డ మీద, నుదుట కుంకుమతో, నా బాక్సు పానా నా వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది.

అన్న పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. విషయం చెవిలో వేశాను. పేపరు దించకుండానే “మీ వదినని అడుగు” అన్నాడు. ఆయన సంసారం సుఖంగా సాగడానికి కారణం ఆ మూడు ముక్కలే.

“వదినా, ఒకే ఒక్క బాక్సు పానా...”

“కాళ్ళు పట్టుకుంటానని చెప్పావుగా. ముందు పట్టుకో.”

పట్టుకున్నాను.

“ఆఁ. పట్టుకున్నా ఇయ్యొద్దన్నావు. ఇయ్యను. లే.”

బయటికి వచ్చి సంగతి చెప్పాను. మేనమామ చూపు భాయ్ మీద పడింది.

“సాయిబూ, మరి నీకేం అడ్డం? నీ పెట్టె తియ్యి.”

“అదేం మాట పెద్దాయనా! నా పానాలకి పొద్దున్నే బొట్టయింది. వాళ్ళ పానాలకేనా సెలవు? నావేం పాపం చేశాయి?”

“ఉత్తప్పుడు తియ్యవా?”

“తీస్తా. ఇయ్యాల తీసి, మళ్ళా కుక్క కరిస్తే సూదులు నువ్వు పొడిపించుకుంటావా?”

రోడ్డు మీదికి పోయి అటూ ఇటూ చూశాం. వెల్డింగు కొట్టులో గన్నుకి దండ. దర్జీ కొట్టులో కత్తెరకి దండ. మంగలి షాపులో కత్తికి బొట్టు. ఆ రోజు పేటలో గడ్డం పెరిగినవాడు పెరిగినట్టే తిరగాలి. ఆఖరికి కొబ్బరి బొండాలవాడు కూడా కత్తి పూజలో పెట్టి, బొండాల కుప్ప పక్కన చేతులు ముడుచుకు కూర్చున్నాడు.

మేనమామకి రాజకీయం తెలుసు. జేబులోంచి ఫోను తీశాడు.

“ఎమ్మెల్యేగారి దగ్గర ఉండే అబ్బాయి మనోడే. ఒక ఫోన్ కొట్టిస్తే ఆమె కాదంటదా?”

లోపల్నుంచి వదిన గొంతు వినిపించింది. “అమ్మవారికేగా? చెయ్యమను. నంబరు నేనిస్తా.”

ఫోను జేబులోకి వెళ్ళిపోయింది.

నాకప్పుడు ఒక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచనలు వస్తే భాయ్ రెండడుగులు వెనక్కి వేసేవాడు. అప్పుడూ వేశాడు.

“వదినా, ఒక్క మాట. ముట్టుకోకూడనివి పూజలో ఉన్నవేగా?”

“అవును.”

“పూజలో లేనివి?”

“లేని వాటి గొడవ నాకెందుకు? మీ ఇష్టం.”

అలా మొదలైంది నా రెండో పనిముట్ల ఎంపిక. మొదటిది గుంటూరులో ఏసీ కొట్లో జరిగింది. రెండోది మా షెడ్డు పెరట్లో.

ముందు జీపు సీటు కింద వెతికాం. జాకీ, చక్రం విప్పే పానా, తుప్పుపట్టిన మామూలు పానాలు రెండు దొరికాయి. కానీ జీపుకి పొద్దున పూజ అయింది కదా, మరి ఇవి పూజలో ఉన్నట్టా లేనట్టా? కేసు మళ్ళీ వదిన దగ్గరికి పోయింది. ఆవిడ కుర్రవాణ్ణి పిలిచి విచారించింది.

“పూజయ్యాక బండి నడిపారా?”

“నడుపుకుంటానే వచ్చాం పెద్దమ్మా.”

“బండి నడిస్తే బండిలో ఉన్నవీ నడుస్తాయి. తీసుకోండి.”

మా రోడ్డులో జడ్జీగారు ఉండి ఉంటే ఆయన కూడా తలకాయ ఊపేవాడు.

జాకీ ఎత్తాం. చక్రం ఊడింది. దాని వెనక మూత బోల్టులు తుప్పు పానాలతోనే ఊడాయి. లోపల నట్టు కనిపించింది. నాకంటే ముందు ఎందరో మహానుభావులు ఉలితో కొట్టినట్టున్నారు, దానికి మూలలంటూ మిగల్లేదు. ఉలి పనికి తుక్కులోంచి బండి స్ప్రింగుకి వాడే కమాను పట్టీ విరిగిన ముక్క ఏరుకొచ్చాడు భాయ్. “తుక్కుకి ఎవరూ పూజ చెయ్యరు పాపం” అన్నాడు దాన్ని తుడుస్తూ. ఇక సుత్తి కావాలి.

నేను వెతికే లోపలే మేనమామ పెరట్లోకి పోయి గుండ్రటి నల్లరాయి ఒకటి పట్టుకొచ్చాడు. “ఇది చూడు ఎంత నున్నగా ఉందో!” అంటూ పట్టీ మీద ఒక్కటి వేశాడు. నట్టు కదల్లేదు. రెండోది వేశాడు. రాయి రెండు చెక్కలైంది. ఒక చెక్క అడుగున పొద్దుటి గోంగూర ఇంకా అంటుకునే ఉంది.

అది వదిన పచ్చడి బండ.

వదిన బయటికి వచ్చింది. అన్న పేపరు ఇంకాస్త పైకి ఎత్తుకున్నాడు. మేనమామ మెల్లగా మేనల్లుడి వెనక్కి జరిగాడు.

“మా అమ్మ ఇచ్చిన బండ అది,” అంది వదిన. “కాపరానికొచ్చేటప్పుడు ఇచ్చింది. ఇంతకీ ఏం కొంపలు మునిగాయని ఇయ్యాలే ఈ చక్రం విప్పాలి? రేపు విప్పగూడదా? ఒక్కడు చెప్పడే!”

నిజమే. అందరం పానా అడిగాం, రూలు అడిగాం, రికమండేషను పెట్టబోయాం. ఎందుకో మాత్రం ఒక్కళ్ళం చెప్పలేదు.

కుర్రవాడు ముందుకొచ్చాడు. తుపాను, మైల, చప్టా, అవతలి పార్టీ జీపు, మిరప తెగులు, అన్నీ చెప్పాడు. మిరప తెగులు దగ్గరికి వచ్చేసరికి వదిన మొహం మారిపోయింది. బండ ముక్కలు పక్కన పెట్టింది.

“పిల్ల ఏం చదువుకుంది?”

“డిగ్రీ పెద్దమ్మా.”

“వంటొచ్చా?”

“నాకొచ్చు పెద్దమ్మా.”

అంతే. ఆ జవాబుతో కుర్రవాడు ఆవిడకి కన్నకొడుకైపోయాడు. ఇదే అదననుకుని నేను గొంతు సవరించుకున్నాను.

“అయితే వదినా, ఆ బాక్సు పానా...”

“సిగ్గుందా నీకు? అమ్మవారిని కదిలించి, ఆ పానాతో చక్రం బిగించుకుని శుభకార్యానికి పోతారా? పెళ్ళి మాట అన్నాక ఇంకసలు ముట్టుకోగూడదు. మోపెడ్ అయితే ఏమో గానీ!”

అని లోపలికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో రోకలి ఉంది. మొదట మమ్మల్ని కొట్టడానికేమో అనుకుని అందరం చెదిరిపోయాం. “ఎక్కడికి పోతారు? పట్టుకోండి. దీన్ని నేను పూజలో పెట్టలా,” అంది.

చింతచెట్టు మాను లాంటి రోకలి, కింద మూతికి ఇనప పొన్ను. అడ్డంగా పట్టుకుంటే కోట గుమ్మాలు బద్దలు కొట్టే దూలంలా ఉంది. ఒక చివర కుర్రవాడు, ఒక చివర మేనమామ. భాయ్ కమాను పట్టీని నట్టు మూల మీద ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

“మేస్త్రీ, నా చెయ్యి కూడా పొద్దున్నే పూజలో పెట్టాల్సింది.”

“కదలబాకు భాయ్!”

“నేను కదలను. రోకలి కదలకుండా చూడు.”

“ఇద్దరూ ఒక ఊపులో ఊపాలి,” అంది వదిన. “నేను ‘ఊఁ’ అన్నప్పుడు కొట్టండి. ఊఁ!”

మొదటి ‘ఊఁ’కి మేనమామ ముందుకు, కుర్రవాడు వెనక్కి ఊపారు. రెండో ‘ఊఁ’కి రోకలి పోయి జీపు బంపరుకి నమస్కారం పెట్టింది. “మీ ఇంట్లో ఎవరూ వడ్లు దంచలేదేంది!” అని వదిన కేకలేసింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. బొండాలవాడు ఖాళీయే కాబట్టి అతనూ వచ్చి, ఎటూ కాని సలహా చెప్పి నిలబడ్డాడు. చివరికి లయ కుదిరింది. ఊఁ, దబ్. ఊఁ, దబ్. నట్టు కిర్రుమంది. ఇంకో దెబ్బకి కదిలింది. భాయ్ కళ్ళు తెరిచి వేళ్ళు చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

హబ్బు బయటికి లాగాక పాత బేరింగు తీసి అందరికీ చూపించాను. గుళికలు నీలంగా మాడి, గుంటలు పడి ఉన్నాయి. చప్టా మధ్యలో అది బిగుసుకుపోయి ఉంటే జీపుతో పాటు పెళ్ళివారు కూడా వాగులో కూర్చునేవాళ్ళు.

ఇక్కడ కుర్రాళ్ళు కాస్త శ్రద్ధగా చదవాలి. బేరింగుకి బయటి వలయం ఒకటి ఉంటుంది. మేం కప్పు అంటాం. పాత కప్పు కొట్టి తీసేసి, కొత్త కప్పుని హబ్బులో కూర్చోబెట్టాలి. అది ఏమాత్రం వంకరగా దిగినా కొత్త బేరింగు నాలుగు రోజుల్లో పాతదవుతుంది. దీనికోసమే నేను ఇత్తడి పంచి కొన్నది. అదేమో బొట్టు పెట్టుకుని పడుకుంది. భాయ్ పాత కప్పునే తిరగేసి కొత్తదాని మీద పెట్టాడు. హబ్బు కింద గోనెసంచి వేశాం. రోకలి నిలువుగా పట్టుకుంది వదిన.

“మీరు జరగండి. దంచడం నాకు తెలుసు.”

పొన్ను మూతి సరిగ్గా కప్పు మీద కూర్చుంది. వదిన దంచింది. మెత్తగా, సమంగా, చుట్టూ తిప్పుతూ. దబ్ దబ్ మంటున్న చప్పుడు ఉన్నట్టుండి ఖంగుమంది. కప్పు అడుగంటిందనడానికి గుర్తు ఆ చప్పుడు మారడమే. ఆ సంగతి నేను ఆవిడకి చెప్పలేదు, చెప్పకముందే ఆపేసింది.

“వడ్లకైనా అంతే. అయిపోతే రోలే చెబుతుంది,” అంది.

గ్రీజు పట్టించడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, అరచెయ్యి చాలు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగుని దాని అంచుకేసి నొక్కుతూ పోతే, గ్రీజు గుళికల మధ్య నుంచి అవతలికి పొంగుకొస్తుంది. ఆ పని పెళ్ళికొడుక్కే ఇచ్చాం. మోచేతుల దాకా నల్లగా పూసుకున్నాడు. “గోరింటాకు ముందే పెట్టుకున్నావురోయ్” అని మేనమామ ఏడిపించాడు. నవ్వాడే కానీ చెయ్యి ఆపలేదు. ఒక్క గుళిక వదలకుండా, మొక్కకి మందు పెట్టినంత ఓపిగ్గా పట్టించాడు.

చివరి పని నాది. నట్టు బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ, అది బరువుగా తిరిగేదాకా బిగించి, మళ్ళీ కొంచెం వెనక్కి వదలాలి. ఎక్కువైతే బేరింగు కాలుతుంది, తక్కువైతే చక్రం ఊగుతుంది. ఎంత వదలాలో చేతికే తెలియాలి. పట్టీ ముక్క ఆనించి, నేనూ భాయ్ కలిసి రోకలితో మెల్లగా తడుతూ ఆ కొంచెం ఎక్కడుందో పట్టుకున్నాం. చక్రం బిగించి ఊపి చూస్తే గోడని ఊపినట్టుంది. దీపాలు పెట్టేవేళకి జీపు చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. మేనమామ పోతూ పోతూ వదినకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఎన్నికల్లో తప్ప ఆయన అలా పెట్టి ఉండడు.

దశమి పొద్దున వదిన ఉద్వాసన చెప్పింది. నేను పరుగున పోయి బాక్సు పానా అందుకున్నాను. జీపువాళ్ళు కొత్త నట్లు తెచ్చుకున్నారు కాబట్టి వాళ్ళ పాత నట్టు మా దగ్గరే ఉండిపోయింది. “చూడు వదినా, నిన్న ఇది ఇచ్చి ఉంటే ఎంత సుళువుగా అయ్యేదో” అంటూ అందరి ముందూ ఆ నట్టు మీద పానా తొడిగాను.

పానా లోపల నట్టు గజ్జెలాగ గలగలలాడింది.

ఇంకోసారి తొడిగాను. ఇంకోసారి గలగలలాడింది. భాయ్ నా చేతిలోంచి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాడు.

“మేస్త్రీ, గుంటూరుకి ఏ నట్టు పట్టుకుపోయావు?”

“తుక్కు డబ్బాలోది.”

“పైనున్నదా?”

“పైనదే.”

“అది జీపుది గాదయ్యా. మినీ లారీది. నేనే విప్పి ఆడ పడేశా.”

ఏడాది పాటు అన్నని అడిగాను, వీడియోలని అడిగాను, గుంటూరు కొట్లన్నిటినీ అడిగాను. పక్కనే పనిచేసే భాయ్‌ని ఒక్క మాట అడగలేదు. కుర్రాళ్ళూ, మీ ప్రశ్నకి నా జవాబు ఇదే. పానా కొనేముందు నట్టు కొలవండి. నట్టు కొలిచేముందు అది ఏ బండిదో కనుక్కోండి. దీనికి మించిన విద్య నా దగ్గర లేదు.

“అయితే నిన్న నేను ఇచ్చినా పనికొచ్చేది గాదన్నమాట,” అంది వదిన మెల్లగా. “చూశావా, అమ్మవారు నీ పరువు ఎట్టా కాపాడిందో!”

“నిన్న కాపాడింది,” అన్నాడు భాయ్. “ఇయ్యాల ఎవరు కాపాడాలి?”

అన్న అంతవరకూ ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. పేపరు దించి నవ్వాడు.

నవ్వులు ఇంకా ఆగకముందే నా ఫోను మోగింది. పెళ్ళికొడుకు. అందరూ వినేట్టు స్పీకరు పెట్టాను.

“బాబాయ్, తాంబూలాలు మార్చుకున్నాం!”

వదిన కళ్ళు ఒత్తుకుంది. “చప్టా ఎట్టా దాటారయ్యా?” అని అడిగింది.

“నీళ్ళు చానా ఉన్నాయి పెద్దమ్మా. దాటేశాం. చక్రం కిక్కురుమనలా. అసలు సంగతి వినండి. మా మామగారు ఒకప్పుడు లారీ డ్రైవరంట, మాకు తెలవదు. మేం దిగ్గానే మా మొహాలైనా చూళ్ళా. వొంగి ముందు చక్రం పట్టుకుని ఊపాడు. బండిని చూసుకోనోడు మా పిల్లనేం చూసుకుంటాడు, చక్రం ఊగితే ఈ సంబంధం వద్దు అని ఇంట్లో ముందే చెప్పాడంట.”

అందరం ఫోను మీదికి వంగాం.

“ఊగిందా?”

“కదల్లా బాబాయ్! ‘ఎవరయ్యా మేస్త్రీ, చెయ్యంటే ఇదీ’ అన్నాడు. మా మేనమామ మీ గురించి, పెద్దమ్మ గురించి, సాయిబు తాత గురించి ఊరంతటికీ చెప్పేశాడు.”

భాయ్ కాలరు సర్దుకున్నాడు. నేను గలగలలాడే పానాని బల్ల కిందికి నెట్టి, కొంచెం నిటారుగా నిలబడ్డాను. ఎంతైనా చేతిపని చేతిపనే కదా అనుకున్నాను.

“కాకపోతే బాబాయ్...” కుర్రవాడి గొంతు తగ్గింది. పక్కన ఎవరూ లేకుండా ఎక్కడికో జరిగినట్టున్నాడు.

“ఏంది?”

“ఆయన ఊపింది క్లీనరు వైపుది.”

మేం విప్పి, దంచి, గ్రీజు పూసి, బిగించింది డ్రైవరు వైపు చక్రం. క్లీనరు వైపు చక్రాన్ని నిన్న మేం ముట్టుకోనైనా ముట్టుకోలేదు. అది ఊగుతుందా లేదా అని చూడాలని కూడా ఎవరికీ తోచలేదు.

“చెప్పమంటావా బాబాయ్, అది మీరు చేసింది గాదని?”

నేను వదిన వంక చూశాను. ఆవిడ ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

“ముందు మూడు ముళ్ళూ పడనీ నాయనా.”

మూడు ముళ్ళూ పడ్డాయి. ఆ మామగారికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నేను పని మానేసేదాకా ఆ జీపు మా షెడ్డుకి వస్తూనే ఉండేది. క్లచ్చు పని అని వచ్చినా, హారను మోగడం లేదని వచ్చినా, అల్లుడుగారు దిగుతూనే ముందు ఒకటే మాట అనేవాడు: “బాబాయ్, పండక్కి అత్తారింటికి పోవాల. ముందు ఆ క్లీనరు వైపుది ఊపి చూడు.”